ద్రాక్షాపాకం

డిగ్రీ పిల్లలకు అన్యదేశ్యాల పాఠం చెప్పేటప్పుడు నాకు మహా సరదాగా వుంటుంది. సబ్బు, బాల్చీ, తువ్వాలు, బొత్తాము, ఇస్త్రీ, అల్మారా, మేస్త్రీ, అనాస — యివన్నీ పోర్చుగీసువాళ్ళ ఓడల్లోంచి దిగిన మాటలేనంటే వాళ్ళు వొక పట్టాన నమ్మరు. "ఇస్త్రీ కూడానా మేడమ్?" అంటారు. ఇస్త్రీ కూడానర్రా అంటాను. పొద్దున్నే లేచి వొళ్ళు రుద్దుకుని, తుడుచుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బొత్తాలు పెట్టుకునేదాకా తెలుగువాడు పోర్చుగీసులోనే కాలక్షేపం చేస్తాడు. ఆ తర్వాతే తెలుగు మొదలు!

ఆ జాబితాలోదే పీపా అన్న మాట కూడాను. మా వూళ్ళో కిరసనాయిలు పీపా వుండేది, రోడ్డు పక్కన తారు పీపాలు వుండేవి. పీపా అంటే నాకు చాలా ఏళ్ళపాటు ఆ రెండే. ఆ మాట పుట్టినింటికి వెళ్ళి, ఆ పీపాలో వుండవలసిన అసలు సరుకు మీద మనసు పారేసుకుంటానని ఎవరైనా జోస్యం చెబితే ఆ జ్యోతిష్కుడికి దక్షిణ కూడా ఇచ్చి వుండేదాన్ని కాదు.

ఆడమనిషి, అందులోనూ తెలుగు పంతులమ్మ, ద్రాక్షసారాయం గురించి పత్రికలో రాయడమేమిటని ముఖం చిట్లించే పాఠకులు వుంటారు. వాళ్ళకు ముందుగా వొక్క మాట. సారా అంటే ఏమిటో నేను పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. మాది నెల్లూరు జిల్లాలో వొక పల్లె. నాన్న తాగేవాడు. ఇంతకంటే దాన్ని గురించి రాయడం నాకిష్టం లేదు. తాగేవాళ్ళ ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకు గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే ఆ రోజు ఎలాంటి రోజో తెలిసిపోతుంది. తెలిసినవాళ్ళకు ఆ మాట చాలు. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న కబురు చుట్టుపక్కల పల్లెలకు పాకింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. అప్పటిదాకా పరాయి మగవాడి ముందు గొంతెత్తి ఎరగని మా అమ్మ, పదిమంది ఆడవాళ్ళతో కలిసి సారా పాకెట్లను వీధిలో పోసి తొక్కడం నేను కళ్ళారా చూశాను. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమూ వచ్చింది; 1997లో అది పోయింది కూడాను. నాన్న 1998లో పోయాడు. తమ్ముడికి అప్పుడు పదకొండేళ్ళు.

ఆ తమ్ముడే చదువుకుని, ఇంజనీరై, పోర్చుగల్లో పోర్తో నగరంలో ఉద్యోగం సంపాదించాడు. 2017 వేసవి సెలవుల్లో నేనూ మావారూ వాడి దగ్గరికి వెళ్ళాం.

పోర్తో నగరం డౌరో నది ఉత్తరపు గట్టున వుంటుంది. దక్షిణపు గట్టున విలా నోవా ద గాయా అనే మరో వూరు. మధ్యన 1886లో కట్టిన రెండంతస్తుల ఇనుప వంతెన. పై అంతస్తు మీద నిలబడి చూస్తే గాయా గట్టంతా ఎర్రటి పెంకుల కప్పులే. అవి ఇళ్ళనుకున్నాను. కావు, గిడ్డంగులు. వాటి మీద రాసిన పేర్లు చూస్తే పోర్చుగీసు వూరా, ఇంగ్లీషువాళ్ళ పేటా అని అనుమానం వస్తుంది: సాండెమన్, టేలర్, గ్రాహం, కాక్‌బర్న్. దీనికి కారణముంది. ఇంగ్లీషువాళ్ళకు ఫ్రాన్సుతో ఎప్పుడూ తగాదాలే కదా! 1703లో పోర్చుగల్‌తో ఒడంబడిక చేసుకుని, ఫ్రెంచి వైను మీద వేసే సుంకంలో మూడోవంతు తగ్గించి పోర్చుగీసు వైనును రానిచ్చారు. దాంతో వర్తకులు యీ నదీతీరాన దిగబడిపోయారు. మన దగ్గర దిగబడ్డది అద్దకం బట్టల కోసమైతే ఇక్కడ యీ రసం కోసం.

తమ్ముడు మమ్మల్ని వొక గిడ్డంగిలోకి తీసుకెళ్ళాడు. లోపల చల్లగా, చీకటిగా, గుడి గర్భాలయంలా వుంది. వరసలు వరసలుగా పీపాలు! నల్లబడిన కొయ్యవి, ఇనుప పట్టీలు వేసినవి. "అక్కా, నీ పాఠంలోని పీపా ఇదే," అన్నాడు వాడు. పోర్చుగీసులో 'పిపా'. అది పాత్ర పేరే కాదు, కొలత కూడా. కొండల్లో వైనును కొలిచే పీపా అంటే 550 లీటర్లు. మన పుట్టీ, తూమూ లాంటిదన్నమాట.

చివర్లో చిన్న గాజు గ్లాసుల్లో తలా కాస్త పోసి ఇచ్చారు. మావారు ముందూ వెనకా చూడకుండా తాగేశారు. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. రుచి ఎలా వుంటుందోనని కాదు నా భయం. బాగుంటే ఏమవుతుందోనని! నాన్న రక్తమే కదా నాలోనూ వున్నది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ పాత వాసన వస్తుందని గుండె బిగబట్టుకున్నాను. రాలేదు. ఎండు ఖర్జూరం, కాగుతున్న బెల్లం పాకం, ఎండిన నారింజ తొక్క, వేయించిన జీడిపప్పు — పండగనాటి వంటింటి వాసన వచ్చింది. అది ఇరవై ఏళ్ళ 'టానీ' అట. వొక గుక్క వేసుకున్నాను. మింగేసిన తర్వాత కూడా చాలాసేపు రుచి పోలేదు. పోకపోగా మారుతూ వుంది.

మనవాళ్ళు కవిత్వానికి మూడు పాకాలు చెప్పారు. ద్రాక్షాపాకమంటే నోట్లో వేసుకోగానే రసం వూరేది. కదళీపాకానికి కాస్త తొక్క వొలవాలి. నారికేళపాకానికి పీచు తీసి, చిప్ప పగలగొట్టాలి. యీ ద్రాక్షరసం మాత్రం నారికేళపాకమని నాకు తోచింది. మావారిది అర్థశాస్త్రం. "పాకాల సంగతి నాకు తెలియదుగాని ఇంకో గ్లాసు ఎంతట?" అన్నారు.

ఆ నెల్లాళ్ళూ వొక పరిశోధన విద్యార్థినిలా తిరిగాను. తెలుసుకున్నది క్లుప్తంగా చెబుతాను. ద్రాక్షరసం పులుస్తున్నప్పుడు అందులోని సూక్ష్మజీవులు తీపిని తిని మద్యంగా మారుస్తాయి. అలాగే వదిలేస్తే తీపంతా హరించుకుపోయి మామూలు వైను తయారవుతుంది. పోర్టులో కిటుకేమిటంటే, రెండు మూడు రోజులకే, ఇంకా సగం తీపి మిగిలి వుండగానే, ద్రాక్షనుంచి బట్టీపట్టిన సారాను అందులో పోస్తారు. 77 పాళ్ళ ఘాటు దానిది. 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా, వెరసి వొక పీపా. ఆ ఘాటుకు సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. తీపి అలాగే నిలిచిపోతుంది. అంచేత పోర్టులో మద్యం నూటికి ఇరవై పాళ్ళ దాకా వుంటుంది. తియ్యగా వుంది కదా అని పానకంలా తాగేది కాదు సుమండీ!

తర్వాతది కాలం పని. పీపాలో చాలా ఏళ్ళు నిలవ వుంచితే కొయ్య సందుల్లోంచి గాలి సోకి, ఎరుపు వెలిసి, తేనె రంగుకు దిగుతుంది. అది టానీ. వొకానొక ఏడు పంట బ్రహ్మాండంగా పండితే, రెండేళ్ళు దాటగానే సీసాల్లోకి ఎత్తి, ఆ ఏటి పేరు పెట్టి, మనుమల కాలం దాకా దాచుకుంటారు. అది వింటేజి. అడుగున గసి పేరుకుంటుంది కనుక మెల్లిగా తేర్చుకుని తాగాలి. నాకు టానీయే ఇష్టం. వింటేజి ఇష్టపడేవాళ్ళు నన్ను జాలిగా చూస్తారని తమ్ముడు చెప్పాడు, చూడనీ.

1756లో పోంబాల్ అనే మంత్రి, ఏ కొండల్లో పండిన ద్రాక్షతో యీ వైను చెయ్యాలో హద్దులు గీసి రాళ్ళు పాతించాడు. అంతకుముందు వర్తకులు రంగు కోసం ఎల్డర్‌బెర్రీ పళ్ళ రసం కలిపేవారట. ఆయన ఆ చెట్లనే పీకించేశాడు. మన పాలల్లో నీళ్ళకు ఇంతటి మంత్రి ఇంకా పుట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు రెండు సీసాలు తెచ్చుకున్నాం. మా కాలేజీలో సంస్కృతం చెప్పే మిత్రురాలికి వొక ఆదివారం మధ్యాహ్నం రుచి చూపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని, "దీనితో పాటు బాదం వుండాలే!" అంది. అక్కడి గిడ్డంగిలో పళ్ళెంలో పెట్టింది బాదమే! అప్పటినుంచి పరీక్ష పేపర్లు దిద్దడం పూర్తయిన రోజున మేమిద్దరం ఉగ్గుగిన్నెడంత పోసుకుని మాట్లాడుకునేవాళ్ళం. వొక రుచి దొరికితే ఇంకొకరికి చెప్పేదాకా కడుపు వుబ్బే జబ్బు పంతుళ్ళందరికీ వున్నదే. అయితే చెప్పవలసిన మనిషికి మాత్రం చెప్పలేదు. అమ్మ నా దగ్గరే వుంటుంది. సీసా మిత్రురాలి ఇంట్లో వుండేది.

2019 సెప్టెంబరులో తమ్ముడు అమ్మను కూడా తీసుకురమ్మని పట్టుబట్టాడు. సెలవు పెట్టి, అమ్మతో వెళ్ళాను. వెళ్ళిన రెండో రోజునే అమ్మ వాడి వంటింట్లో పప్పు డబ్బాల వెనక సీసా చూసింది. కేకలు వెయ్యలేదు. సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏందిరా నాయనా ఇది?" అంది. వాడి ముఖం తెల్లబోయింది.

"వాడిది కాదమ్మా, నాకోసం కొన్నాడు," అన్నాను. నిజం అదే.

అమ్మ నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. కోపం కాదు. పరీక్షలో మనం తప్పుతామని కలలో కూడా అనుకోని పిల్ల తప్పితే ఎలా చూస్తామో అలా చూసింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మూడో రోజుకు డౌరో కొండలకు రైలు టిక్కెట్లు కొని వున్నాయి. వస్తుందో రాదో అనుకున్నాం. పొద్దున్నే తలదువ్వుకుని చెప్పులేసుకుని, "పదండి, చూస్తాం. ఆ మాయదారిది యాడ పుడతందో," అంది.

సావ్ బెంతో స్టేషన్లో ఎక్కితే పిన్యావ్ వూరికి రెండున్నర గంటలు. దారిలో చాలా దూరం నది మనతోనే వస్తుంది. రెండు వైపులా కొండలు. కొండల నిండా మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. అక్కడ మట్టి లేదు. పలకరాయి పగలగొట్టి, ఆ ముక్కలతోనే గోడలు కట్టి, గోడ వెనక ఆ పొడినే మట్టి చేసి తీగ నాటారు. అమ్మ కిటికీకి ముఖం ఆనించి చాలాసేపు చూసి, "ఇంత రాతిలో ఎవురు తవ్వినార్రా?" అంది. వ్యవసాయం చేసిన మనిషి. యూరపంతా తిప్పి చూపించినా ఆవిడ నోట రాని మాట ఆ రాళ్ళు రప్పించాయి.

రైల్లో ఆవిడకు దోనా అంతోనియా కథ చెప్పాను. 1811లో ఆ కొండల్లో పుట్టిన మనిషి. ముప్పైమూడేళ్ళకే భర్త పోయాడు. ఆస్తంతా తన చేతిమీద నడిపింది. పన్నెండేళ్ళు నిండీ నిండని కూతుర్ని సల్దాన్యా అనే మహా ప్రభువు తన కొడుక్కిమ్మన్నాడు. ఇవ్వనంది. పిల్లను ఎత్తుకుపోవడానికి మనుషుల్ని పంపితే, తల్లీకూతుళ్ళు మారువేషాల్లో స్పెయిన్ మీదుగా లండన్‌కు పారిపోయారు. 1861లో ఆవిడ ప్రయాణిస్తున్న పడవ యీ నదిలోనే వొక సుడిలో తిరగబడింది. అదే పడవలో వున్న ఫారెస్టర్ అనే ఇంగ్లీషు దొర మునిగిపోయాడు. దోనా అంతోనియా గుండ్రటి కట్టు లంగా నీటిమీద గొడుగులా తేలి ఆవిడను గట్టుకు చేర్చిందంటారు. ఆ ఫారెస్టరు జీవితమంతా పోర్టులో సారా కలపరాదని వాదించినవాడు. కొన్నేళ్ళకు వేరుపురుగు తెగులు వచ్చి తోటలు మాడిపోతే, ఆవిడ ఇంగ్లాండు వెళ్ళి దాన్ని ఎదుర్కొనే పద్ధతులు తెలుసుకొచ్చి కొత్త తోటలు వేసింది. 1896లో పోయేదాకా ఆ కొండలకు ఆవిడే పెద్ద దిక్కు.

"కూతుర్ని ఇయ్యనన్నందుకు మెచ్చుకోవాల," అంది అమ్మ. లంగా సంగతి నమ్మలేదు.

మేం వెళ్ళింది వొక చిన్న రైతు తోటకు. కోతలు జరుగుతున్నాయి. అక్కడ వొక్కొక్క రకానికి వొక్కొక్క పేరు: తూరిగా నసియొనాల్, తింతా బరోకా, వొకదాని పేరుకు అర్థం 'ఎర్ర కుక్క'! సాయంత్రం నల్లరాతి తొట్టిలో పళ్ళు తొక్కడం చూశాం. తొట్టిని 'లగార్' అంటారు. తొడల దాకా రసంలో దిగి, భుజాల మీద చేతులు వేసుకుని, రెండు గంటలపాటు సైనికుల్లా కవాతు చేస్తూ తొక్కారు. ఆ తర్వాత వాద్యం మొదలై ఎవరిష్టం వచ్చినట్లు వాళ్ళు గంతులు వేశారు. మరలున్న కాలంలో కాళ్ళెందుకంటే, కాలు తోలును చీలుస్తుంది గాని గింజను నలపదు. గింజ నలిగితే వగరు దిగుతుంది. పులవనిచ్చేది రెండు మూడు రోజులే కాబట్టి రంగూ సారమూ ఆ లోపలే దిగాలి.

అమ్మ తొట్టి అంచున నిలబడి అన్నీ అడిగింది. తమ్ముడు పోర్చుగీసులోకి మార్చి రైతును అడిగాడు. తీపి ఎట్లా నిలుస్తుందన్నప్పుడు రైతు 'అగ్వార్దెంత్' అన్నాడు. "అంటే మండే నీళ్ళు," అన్నాడు తమ్ముడు.

"సారా!" అంది అమ్మ వెంటనే. ఎవరూ మాట్లాడలేదు. "సారాయేగా అందులో పోసేది! ఇంత దూరం పిలుచుకొచ్చి ఇదా నాకు చూపించేది?"

"అవునమ్మా, సారాయే," అన్నాను. మందనీ, వొంటికి మంచిదనీ దానికి ముద్దుపేర్లు పెట్టి అమ్మను మభ్యపెట్టడం నాకిష్టం లేకపోయింది. "నాకు దీని రుచి ఇష్టం. పేపర్లు దిద్దిన రోజున ఉగ్గుగిన్నెడు తాగుతాను. నువ్వు చూసిందే నేనూ చూశాను. నా పిల్లలు చెప్పుల చప్పుడుకు భయపడే రోజు రాదు. నీకు దాచి తాగడం మాత్రం ఇక నావల్ల కాదు."

అమ్మ జవాబు చెప్పలేదు. కోసిన పళ్ళ బుట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళను చూపించి, "కూలి వాళ్ళ చేతికిస్తారా, మొగుళ్ళ చేతికిస్తారా? కనుక్కో," అంది తమ్ముడితో. వాడు అడిగాడు. ఆ ప్రశ్నకు ఆ ఆడవాళ్ళు పకపకా నవ్వి, అందులో పెద్దావిడ తన నడుముకు కట్టుకున్న గుడ్డను తట్టి చూపించింది. అమ్మ కూడా తన బొడ్లోని సంచిని తట్టి చూపించింది. భాష అవసరం లేకపోయింది. ఆ రాత్రి భోజనాలకు వాళ్ళ పక్కనే కూర్చుంది. గ్లాసు మాత్రం బోర్లించే వుంచింది.

మేం బయలుదేరే ముందు తమ్ముడు మదీరా సీసా వొకటి కొనిచ్చాడు. మదీరా పోర్చుగీసువాళ్ళ ద్వీపం. అట్లాంటిక్ సముద్రంలో వుంది. ఇండియాకు వచ్చే ఓడలు అక్కడ ఆగి పీపాలు ఎక్కించుకునేవి. భూమధ్యరేఖ దాటే ఆ ఎండలకు ఓడ అడుగున మగ్గి మగ్గి ఆ వైను చెడిపోకపోగా మరింత రుచి పట్టిందని కనిపెట్టి, కొన్ని పీపాలను పనిగట్టుకుని ఇండియాదాకా తిప్పి వెనక్కి తీసుకుపోయేవాళ్ళు. మద్రాసులో కంపెనీ దొరలు తెగ తాగింది యీ మదీరాయే. ఇప్పుడు ఓడలు అక్కర్లేదు. వెచ్చటి అటకల మీద పీపాల్లో ఏళ్ళ తరబడి వుంచుతారు. నాకిచ్చింది 'బువాల్' రకం. అంత కాగి, అంత తిరిగొచ్చిన సరుకు గనుక ఇక దాన్ని ఏదీ చెడగొట్టలేదు. పోర్టు సీసా మూత తీస్తే కొన్ని వారాల్లో అవగొట్టాలి. మదీరా మూత తీసినా ఏళ్ళ తరబడి అలాగే వుంటుంది.

యీ సంగతి విమానంలో అమ్మకు చెప్పాను. ఏమీ అనలేదు. నెల్లూరు చేరాక పెట్టెలు సర్దుతుంటే ఆ సీసాను నా చేతిలోంచి తీసుకుంది. పారబోస్తుందనుకున్నాను. తన అల్మారాలో, పట్టుచీరెల కింద అరలో, నిలబెట్టి తాళం వేసింది.

2020 సంక్రాంతికి తమ్ముడు వచ్చాడు. కనుమనాడు భోజనాలయ్యాక అమ్మ తనే అల్మారా తీసి, సీసా తెచ్చి, ఉగ్గుగిన్నెతో కొలిచి నాకొకటి, వాడికొకటి, మావారికొకటి పోసింది. పక్కింటికి పోయి మా సంస్కృతం మిత్రురాలిని కూడా పిలుచుకొచ్చింది. ఆవిడ సంగతి ఎప్పుడు కనిపెట్టిందో తెలియదు. మూత బిగించే ముందు వాసన చూసి, "బెల్లం పాకం మాడినట్టుంది," అని మళ్ళీ లోపల పెట్టేసింది.

ఆ సీసా ఇంకా వుంది. ఏడాదికి రెండుసార్లు బయటికి వస్తుంది. మొన్న పేపర్లు దిద్దడం అయిపోయిందని సూచనగా చెప్పి చూశాను. "పండగ రానీ," అంది అమ్మ, తాళంచెవి బొడ్లో దోపుకుంటూ.